బకెట్లో తల్లి చేప

స్వర్ణకు,

రవిబాబు రాస్తున్నది. ఇక్కడ అమ్మ, మన గుంట, నేను బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను.

పొద్దున తొమ్మిదయినా మంచు విడవడం లేదు. కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తే కాసేపటికే చొక్కా తడిసిపోతోంది. ఈరోజుతో పైచెట్ల కోత అయింది. తొక్క తీసి కడిగిన గింజలు కళ్లంలో పరిచాం గాని ఎండ లేక ఆరడం లేదు. సాయంత్రం అమ్మ, నేను వాటి మీద టార్పాలిన్ కప్పి వచ్చాం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆవు ఈనింది, పెయ్య. నువ్వు పంపిన మందు అమ్మ మోకాలికి రాస్తోంది. నొప్పి అలాగే ఉందట, వాసన మాత్రం బాగుందట. ఫోన్ ఇప్పటికీ కొండెక్కితేనే అందుతోంది. గుంటని నీ దగ్గరికి ఎప్పుడు పంపుతావని అడిగావు. నర్సు ఉద్యోగంలో చేరి రంపచోడవరంలో గది తీసుకున్నప్పటి నుంచి ప్రతి ఉత్తరంలోనూ అదే అడుగుతున్నావు. నేను ఒకసారి కోత అన్నాను, ఒకసారి చలి అన్నాను. రాత్రిపూట కాన్పుల డ్యూటీ పడితే నాలుగేళ్ళ పిల్లను ఎవరు చూస్తారని నా అనుమానం. ఆ సంగతి చివర రాస్తాను. ముందు చేపల సంగతి చెప్పాలి.

విశాఖలో చేపల షాపు మోహన్‌కృష్ణ, మన వాగు నీరు వీటికి సరిపడుతుందని ఇచ్చిన ఆ గాజుతొట్టె చేపల జత, రామ్ చేపలు, గుర్తుందా? నువ్వున్నప్పుడు వాటికి రంగు రాలేదు. ఇప్పుడు చూడాలి. వేలంత కూడా లేవు, ఒళ్ళంతా నీలం చుక్కలు, ఎర్రటి కంటి మీదుగా నల్లటి చార. ఆడదాని పొట్ట లేత గులాబీ. కరెంటు పోయి తొట్టె నీళ్ళు వెచ్చబెట్టే హీటర్ ఆగిపోతే అమ్మ సీసాలో వేడినీళ్ళు పోసి అందులో తేలుస్తోంది.

వాగులోంచి తెచ్చిన పలకరాయి మీద గుడ్లు పెడతాయి. చోడి గింజలో సగం ఉంటుంది ఒక్కో గుడ్డు. మర్నాటికి ఒక్కటీ ఉండదు, రెండూ కలిసి తినేస్తాయి. మళ్ళీ పెడతాయి, మళ్ళీ తింటాయి. "పేరు రాముడిది, పని రాకాసిది" అంది అమ్మ. ఈసారీ తింటే జతను వెనక్కి తీసుకుపొమ్మని మోహన్‌కృష్ణకు కబురు కూడా చేశాను.

ఈసారి తినలేదు. ఒక పొద్దున చూస్తే రాయి మీద గుడ్లకు బదులు తోకలు ఆడుతున్నాయి. రెప్పవెంట్రుక ముక్కంత తోకలు. రాయే ఊపిరి పీలుస్తోందా అనిపించింది. గంప భుజానే ఉంది, తోటకు వెళ్ళడం మరిచిపోయి నిలబడిపోయాను.

అంతలో తల్లి వంగి ఒక పిల్లను నోట్లోకి లాక్కుంది. తర్వాత ఇంకొకటి. నాకు ఒళ్ళు మండింది. గుడ్లు తాగే కోడిని మనం ఏం చేస్తామో నీకు తెలుసు. గూట్లోంచి లాగి వేరే గంప కింద మూస్తాం. నేనూ అదే చేశాను. వలతో తల్లిని తీసి బకెట్లో పడేశాను.

"ఏటి సేత్తన్నావురా?" అంది అమ్మ.

"పిల్లల్ని తినేస్తంది."

"మింగడం సూసినావేటి?"

"నోట్లో ఎట్టుకోడం సూసినాను కదే."

"నోట్లో ఎట్టుకున్నాదంతా మింగీసినట్టేనేటి?" అని అమ్మ పొయ్యి వైపు తిరిగింది. గుంట బకెట్ పక్కన చతికిలబడింది. కాసేపటికి ఒకటే కేక.

"నాన్నా, ఉమ్మేసింది! పిల్లల్ని ఉమ్మేసింది!"

వంగి చూశాను. తల్లి బకెట్ అడుగున నోరు తెరిచి ఉంది. అందులోంచి పిల్లలు ఒకదాని వెనక ఒకటి జారి పడుతున్నాయి. బతికే ఉన్నాయి. వలలో కొట్టుకున్నప్పుడూ, గాలిలోకి లేచినప్పుడూ అది నోరు తెరవలేదన్నమాట.

అప్పుడు తొట్టెలోకి చూశాను. మగది రాయి పక్కన ఇసుకలో గొయ్యి తవ్వి కాపలా ఉంది. గోతిలో అప్పటికే కొన్ని పిల్లలున్నాయి. తల్లి వాటిని రాయి మీంచి గోతిలోకి మారుస్తోంది. నేను రాయిని చూశాను గాని ఇసుకను చూడలేదు.

బకెట్ ఎత్తి తొట్టెలోకి వంచబోయాను. "ఆగు నాన్నా, ఏరుకోనీ" అంది గుంట. ఆగాను. తల్లి బకెట్ అడుగంతా తిరిగి ఒక్కొక్క పిల్లనే మళ్ళీ నోట్లోకి తీసుకుంది. అప్పుడు మెల్లగా వంచాను. ఎటూ చూడకుండా నేరుగా గోతి దగ్గరికి వెళ్ళి వాటిని విడిచింది. అమ్మ కొండదేవతకు పెట్టినట్టు తొట్టెకు ఒక దణ్ణం పెట్టింది.

ముందుసార్లు ఎందుకు తిన్నాయో నాకు తెలియదు. కొత్త జతలు అంతేనని, పెంచడం వాటికి మెల్లగా వస్తుందని మోహన్‌కృష్ణ అంటున్నాడు. ఇప్పుడు పిల్లలు ఈదుతున్నాయి. తల్లి ఎటు తిరిగితే అటు గుంపుగా కదులుతున్నాయి. పొద్దువాలితే తల్లీ తండ్రీ వాటిని నోట కరుచుకుని గోతికి చేరుస్తాయి. రోజూ చూస్తున్నాను, రోజూ అలాగే నిలబడిపోతున్నాను.

ఇక గుంట సంగతి. అది నిన్ను అడగడం లేదని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం. రోజూ అడుగుతోంది. నీ పాత చీర పక్కన లేకపోతే పడుకోదు. అడగడం లేదని రాస్తే నువ్వు పంపమనడం మానేస్తావనుకున్నాను. బిడ్డను ఒగ్గేసి పోయిందని పక్కింటి సోములమ్మ నిన్ను అంటే నేను ఊరుకోవడమే కాదు, అవునన్నాను కూడా. అది నువ్వు ఇంకొకరి నోట వినేకంటే నేనే చెప్పడం మంచిది.

నిన్న అమ్మతో గుంటని పంపేద్దామన్నాను.

"ఇప్పుడు బుద్ధొచ్చిందా? నానూ ఎల్తాను. రేతిరి దానికి డూటీ ఉంటే గుంట నా కాడ తొంగుంటాది."

"మరి నాకు కూడెవరు వండుతారే?"

"ఆ సేపల్నడుగు, వండుతాయి" అంది. అప్పుడే మూట కట్టడం మొదలుపెట్టింది.

మిగిలిన కోతకు పక్క తోట స్వామి ఇంటివాళ్ళు సాయం వస్తామన్నారు. నా గురించి బెంగ పెట్టుకోకు. కారం తగ్గించి పెడితే గుంట అన్నీ తింటుంది. నా మీద కోపముంటే నాకే రాయి, అమ్మ ముందు అనకు.

పైదంతా రాత్రి రాసింది, ఈ నాలుగు ముక్కలూ బస్టాండులో రాస్తున్నాను. డ్రైవరు టీ తాగుతున్నాడు. కాగితం మడిచి కిటికీలోంచి అమ్మకు అందిస్తాను.

బుధవారం పొద్దున, మొదటి బస్సు. అమ్మ, గుంట ఎక్కారు.

ఇట్లు,
గుంట నాన్న,
రవిబాబు