ఇంజను బొట్టు

శాన్ రామన్

బాబాయికి, నేను బాగానే ఉన్నాను, ఉద్యోగం కూడా ఉంది, బెంగపడకండి.

కార్డు మీద బొమ్మ నేను శనివారాలు వాలంటీర్‌గా వెళ్ళే టూరిస్టుల కోసం నడిపే పాత రైల్వేలోని స్టీమ్ ఇంజనుది. నిరుడు దసరాకి దానికి బొట్టు పెట్టాను. దాన్ని నడిపే వాల్టర్ తాత ఇంజనంతా తుడిచినా బొట్టు జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. మొన్న ఆయన పోయాడు. నడిపేవాళ్ళు ఇంకెవరూ లేక ఇంజన్ని షెడ్డులో పెట్టేస్తున్నారు. శుభ్రంగా తుడిచి నూనె రాయమని నాకు చెప్పారు. అంతా తుడిచాను, బొట్టు దగ్గరికి వచ్చేసరికి చేతులు రాలేదు.

మసి పనికి వెళ్తున్నానని అమ్మకి చెప్పకండి, అరుస్తుంది. మీ మోకాలి నొప్పి తగ్గిందా? పిన్నికి నమస్కారాలు. ఒక్క సంగతి ఫోన్ చేసి చెప్పండి. బిట్రగుంట షెడ్డులో మీరు డ్రైవరుగా ఉన్నప్పుడు, ఇక కదలని ఇంజన్లకి కూడా దసరాకి బొట్టు పెట్టేవారా?

మీ భవిత