పదకొండు రొట్టెలు

ఆర్హూస్, ఆదివారం

ఇంగర్ అక్కకు,

ఇక్కడ అందరం కులాసా. నేను ఉద్యోగం మానేశానని అమ్మ నీతో అన్నదట, మానలేదు.

నా పక్కన కూర్చుని ప్రోగ్రాములు రాసే హోల్గర్ వసంతంలో రాజీనామా చేసి, కాంట్రాక్టు మనిషిగా మళ్ళీ అదే కుర్చీలోకి వచ్చాడు. రాబడి ఎక్కువ, సెలవు ఎవరినీ అడగనక్కర్లేదు. వాణ్ణి చూస్తే నాకు తిన్నది అరిగేది కాదు. నేనూ రాజీనామా రాసి సొరుగులో పెట్టుకుని, మానేస్తున్నానని ఇంట్లోనూ ఆఫీసులోనూ అనేశాను. మొన్న శుక్రవారం ఆఫీసుకు పొద్దుటి రొట్టెలు తెచ్చే వంతు నాది. పర్మినెంటు వాళ్ళం పదకొండు మందిమి, పదకొండే తెచ్చాను. వాడికి కావాలనే తేలేదు.

ఖాళీ బుట్ట చూసి నవ్వాడు. "పర్లేదులే అస్గెర్. బయటివాణ్ణయ్యాక వంతుల జాబితాలో నా పేరు తీసేశారుగా, ఇంట్లోనే తినొస్తున్నా." తర్వాత గొంతు తగ్గించి, "నా కాంట్రాక్టు ఈ నెలతో సరి. ఇంకెక్కడా పని దొరకలేదు. నువ్వు మానేస్తున్నావటగా, నీ ఉద్యోగానికి నా పేరు చెప్తావా?" అన్నాడు.

చూస్తానన్నాను. వదిలేద్దామనుకున్న ఉద్యోగమే అక్కా, వాడు అడిగేసరికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆ కాగితం చింపేశాను.

ఎర్రావు ఈనిందా? నా ఉన్ని మేజోళ్ళు పంపు. బావను బరువులెత్తొద్దను. పిల్లలకు ముద్దులు. అమ్మ అడిగితే మాత్రం, తమ్ముడికి బుద్ధి వచ్చి ఆగాడని చెప్పు.

నీ తమ్ముడు
అస్గెర్