కాకి ముందు ఇచ్చిన మాట

అవ్వా,

నువ్వు పోయి ఏడాదైనా నీ పంతం మాత్రం పోలేదు.

ఈరోజు నీ తొలి తెవసం, ఏడాది తద్దినం. మేడ మీద ఆకులో అన్నం పెట్టి గంటసేపు పిలిచినా కాకి ముట్టలేదు. అది తినకపోతే ఇంట్లో ఎవరూ తినకూడదాయె. నీకేదో కోరిక మిగిలిపోయిందని అందరూ మాటలివ్వడం మొదలెట్టారు. కినత్తుకడవు కొబ్బరితోట అమ్మనని మామ అన్నాడు. నీ ఆవును బాగా చూసుకుంటానని అత్త అంది. కాకి పిట్టగోడ మీదే కూర్చుని, నల్ల గొడుగు కింద నిలబడ్డ నన్నే చూస్తోంది.

“నువ్వొకడే మిగిల్నావు కన్నా. మీ అవ్వకు ఏమన్నా చెప్పు, సీక్రం! పిల్లోళ్లు ఆకలితో ఉండారు,” అని అత్త అరిచింది.

నేను రక్తపిశాచినైన సంగతి నీకొక్కదానికే తెలుసు. కసాయి కొట్టులో మేకరక్తం తెచ్చి, నాకు పడదని వెల్లుల్లి మానేసి, ఉల్లిపాయలతో వేపి పెట్టేదానివి. “వండుకొని తిన్నన్నాళ్లూ నువ్వు మనిషివేరా,” అనేదానివి. నువ్వు పోయాక పచ్చిదే తాగుతున్నాను. సరే, తప్పే. దానికి ఇంతమందిని ఎండలో మాడ్చాలా?

“ఇక వండుకునే తింటాను అవ్వా,” అన్నాను. కాకి వెంటనే దిగి తినింది.

“హోటల్ తిండి మానేస్తాడంట, మంచిదే,” అని అత్త మురిసిపోయింది.

అది తింటున్నంతసేపూ నేను దాని మెడ వైపే చూశాను. అది తలెత్తేసరికి చూపు దించుకున్నాను.

సాయంత్రం ఉల్లిపాయలు కొనాలి. ఎన్ని వెయ్యాలో చెప్పకుండానే పోయావు.