అవ్వ చెప్పులు

మంగళవారం, గోవా లాడ్జి

పోర్చుగీసు వాళ్లు కట్టిన పాత చర్చి ముందు అలవాటుగా చెప్పులు విడిచాను. తమ్ముడు నవ్వాడు. "అక్కా, ఈడ ఎవ్వలు ఇడుస్తలేరు, ఏస్కో." నిజమే, అందరూ బూట్లతోనే లోపలికి పోతున్నారు.

బంగారు పూత పూసిన బలిపీఠం ముందు నిలబడితే, నాకు అందరూ చెప్పులు విడిచే మా బోధన్ చర్చి గడపే గుర్తొచ్చింది. కుష్ఠుతో అవ్వ పాదాలకు స్పర్శ పోయింది, ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఇచ్చిన మెత్తని చెప్పులు ఎక్కడా విడవొద్దన్నారు.

"దేవుని ఇంట్లకు చెప్పులతోని ఎట్లొస్త బిడ్డా?" అని ప్రతి ఆదివారం బయటే కూర్చునేది, పాటలన్నీ అక్కడి నుంచే పాడేది. పర్వాలేదు రమ్మని మేమెవరమూ అనలేదు. ఎందుకు అనలేదో...

అవ్వ లోపలికి వచ్చింది ఒక్కసారే, శవపెట్టెలో. ఆ రోజు ఆమె చెప్పులు నేనే విప్పాను.