సగం కాజా

అన్నయ్యా,

నువ్వు పంపిన కాజాలు ఐర్లండ్‌కి, మా అత్లోన్ ఊరికి చేరాయి. మీ ఫ్యాక్టరీకి బర్మా సైన్యం నుంచి విమానాల విడిభాగాల ఆర్డరొచ్చిందని అందరికీ పంచమన్నావుగా, పంచాను.

నా హౌస్‌మేట్ మూపో బర్మా నుంచి పారిపోయి వచ్చిన కరెన్ తెగ అమ్మాయి. సగం కొరికి, "గ్రాండ్! ఏంటి విశేషం?" అంది. నోరు జారలేదు, గర్వంగానే చెప్పాను.

ఆమె నమలడం ఆపేసింది. "మా ఊరి చర్చి మీద బాంబులేసింది ఆ సైన్యం విమానాలే. అప్పుడు మా అమ్మ లోపలే ఉంది" అంది. మిగిలిన సగం ప్లేటులో పెట్టి, సింకు దగ్గర నోరు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ఆ బాంబులు పాతవి, నీ ఆర్డరు కొత్తదంటావు. తెలుసు. ఆ విమానాలు మళ్లీ ఎగరాలనేగా నీ విడిభాగాలు!

ఆ సగం కాజా ఈ కవర్లోనే పెట్టాను. పిల్లలకి పెట్టకు. నువ్వే తిను.

నీ చెల్లెలు