గుమ్మం ఫొటోలో సెప్పులు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ ఇళ్ల బ్రోకరు పని ఇప్పుడు నేనే సేస్తన్నాను. వచ్చే నెల గజపతినగరం మారిపోతన్నానని తెలిసి, మనం అద్దెకున్న ఈ వాటాకి కూడా ఫొటోలు తీసిపెట్టమన్నాది ఇంటావిడ.

నువ్వు సెప్పినట్టే సేశాను. ఫోను కెమెరా కొంగుతో తుడిసి, కిటికీలన్నీ తీసి, ఫోను అడ్డంగా పట్టుకుని గది మూల నుండి తీశాను. దండెం మీద బట్టలు, గ్యాస్ బండ కనబడకుండా సర్దేశాను.

నీకైతే ఆ జాగ్రత్త గుమ్మం దాకా వచ్చేది కాదు. ఎవరింటికెళ్లినా సెప్పులిప్పేసి లోపలంతా తీసి, ఆఖర్న గుమ్మాన్ని తీస్తే అందులో నీ సెప్పులే పడేవి. "ఇంటితో పాటు ఇవి కూడా ఇచ్చేస్తావేటి?" అని నేను తిడితే, "ఉండనీయే, ఇంట్లో మనిషున్నట్టు ఉంటాది" అనీవోడివి.

ఈ రోజు నేను తీసిన గుమ్మం ఫొటో సూసి ఇంటావిడ, "సెప్పులు పడ్డాయమ్మా, అవి పక్కకి తీసేసి మళ్లీ తియ్యి" అన్నాది.

అవి నీవే. ఏడాదిగా అక్కడే ఉన్నాయి.

"ఉండనీండి, ఇంట్లో మనిషున్నట్టు ఉంటాది" అన్నాను.