వంటింటి కప్పు తీర్మానం
వెర్మాంట్, మార్చి నెలాఖరు

శాసనసభ కార్యదర్శి డెలాంగ్ గారికి,

ముప్పై ఎనిమిదేళ్లు మీ సభలో కూర్చుని ఇంటికొచ్చిన ఎల్డన్ గారి భార్యని రాస్తున్నాను. వీడ్కోలు విందు పెట్టి ఆయన్ని నాకు అప్పగించారు గానీ, ఇది సభ కాదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

మంచు కరిగి మా వంటింటి కప్పు కారుతోంది. తీపి రసం పట్టడానికి మేపుల్ చెట్లకి కట్టాల్సిన బకెట్లన్నీ పొయ్యి చుట్టూ పెట్టుకున్నాను. బాగుచేసే మనిషిని పిలుద్దామంటే ఆయన, "తీర్మానం పెట్టు. ముగ్గురూ హాజరైతేనే ఓటింగ్," అన్నారు. ముగ్గురంటే ఆయన, నేను, మా చెల్లెలు వెర్నా. ముందు విషయాన్ని ఉపసంఘానికి పంపారు. ఉపసంఘమంటే ఆయనా, మా కుక్కా. నివేదిక ఇంకా రాలేదు.

నిన్న భోజనమయ్యాక ఆయన కుర్చీలో గురక పెడుతుంటే నేను తీర్మానం పెట్టాను. వెర్నా బలపరిచింది. ఇద్దరం చేతులెత్తాం. ఆయన లేచి, "చెల్లదు. నిద్రపోయిన సభ్యుడు హాజరైనట్టు కాదు, కోరం లేదు," అన్నారు.

"బకెట్ పొర్లుతోంది బావా," అంది వెర్నా.

"అది ఇవాళ్టి అజెండాలో లేదు వెర్నా," అన్నారు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మీ హాజరు పుస్తకాలు తిరగేసి, ఈ ముప్పై ఎనిమిదేళ్లలో భోజనమయ్యాక జరిగే మధ్యాహ్నం సమావేశాలకి ఆయనకి ఒక్కసారైనా గైర్హాజరు వేశారేమో చూడండి. వెయ్యలేదని ముద్ర కొట్టి రాసిచ్చారంటే, రేపే మనిషిని పిలుచుకుంటాను.

కవరు కాస్త మందంగా ఉండేది వాడండి. మా ఇంట్లో కాగితాలు తడుస్తున్నాయి.

ఇట్లు,
గొడుగు కింద కూర్చున్న సభ్యురాలు